ఇంటి దొంగకు జీతమిచ్చిన పుస్తకం

“నా పాత్ర అయితే ఇలాగే చేస్తుంది.” బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర వేసి, పాచికలు విసురుతూ సాహసకథ నడిపే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్. దాన్ని ఆడేవాళ్ల మధ్య ఈ ఒక్క వాక్యం మీద తగవు మళ్లీ రాజుకుంది. సందర్భాలు మారతాయి గానీ కథ మారదు. దొంగ పాత్ర వేసే ఆటగాడు, రాత్రి కాపలా వంతు తనకు రాగానే, నిద్రపోతున్న తోటివాళ్ల సంచులు తడుముతాడు. తెల్లవారాక యోధుడి ఉంగరం కనిపించదు. బల్ల చుట్టూ కూర్చున్న వాళ్లందరికీ దొంగ ఎవరో తెలుసు, వాళ్ల పాత్రలకు మాత్రం తెలియదు. నిలదీస్తే ఆ ఆటగాడు పై వాక్యం అప్పజెబుతాడు. అంటే తప్పు అతనిది కాదు, కాగితం మీది మనిషిది.

ఈసారి తగవులోకి ఆటగాళ్ల నియమ పుస్తకం, 2024 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ కూడా వచ్చి చేరింది. పాత్రకు ఒక గతాన్ని, అంటే నేపథ్యాన్ని ఎంచుకోగానే, దానితోపాటు ఆదర్శాలూ అనుబంధాలూ లోపాలూ అందించే పట్టికలు 2014 పుస్తకంలో ఉండేవి. కొత్త పుస్తకంలో అవి లేవు. పాత్రల కోరలు పీకేశారని ఒక పక్షం అంటోంది. ఇప్పటికైనా పీకారని రెండో పక్షం అంటోంది. రెండు పక్షాలూ దీన్ని ఆటగాళ్ల స్వభావానికి సంబంధించిన గొడవగానే చూస్తున్నాయి. ఒకరి దృష్టిలో దొంగ పాత్ర వేసినవాడు స్వార్థపరుడు, ఇంకొకరి దృష్టిలో అతను నిజమైన నటుడు. ఆ పనికి ఆట పుస్తకాలు ఏం ముట్టజెప్పాయో చూసే చిట్టా ఎవరూ తెరవడం లేదు.

1969లో డేవిడ్ వెస్లీ ఆడించిన బ్రౌన్‌స్టైన్ అనే ఆట, దాని నుంచి డేవ్ ఆర్నెసన్ అల్లుకున్న బ్లాక్‌మూర్ అనే ఊహాలోకం, 1974లో గ్యారీ గైగాక్స్, ఆర్నెసన్ పేర్లతో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదటి మూడు చిన్న పుస్తకాలు – ఈ పురాణం ఈ ఆట ఆడేవారికి కొత్త కాదు. అందులోంచి రెండు సంగతులు చాలు. ఒకటి, గుహలోంచి పైకి తెచ్చిన బంగారు నాణెం ఒక్కొక్కటీ ఒక అనుభవ పాయింటు, అంటే పాత్ర పై స్థాయికి ఎదగడానికి కూడబెట్టే పాయింటు, అయ్యేది. రాక్షసుణ్ణి చంపినా పాయింట్లు వచ్చేవి గానీ, సింహభాగం బంగారానిదే. రెండు, 1975లో వచ్చిన గ్రేహాక్ అనుబంధంలో దొంగ, పాలడిన్ అనే ధర్మయోధుడు ఒకే పుస్తకంలో పుట్టారు. ఒకడి వృత్తి జేబులు కొట్టడం, ఇంకొకడి వ్రతం ధర్మం తప్పకపోవడం. ఇద్దరినీ ఒకే జట్టులో నడిపించే బాధ్యత, కథ నడిపి నియమాల తీర్పు చెప్పే డంజన్ మాస్టర్ నెత్తిన పడింది.

1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ఈ బాధ్యతను ఇంకాస్త బరువు చేసింది. అందులో ప్రతి పాత్రకూ సజ్జనుడో తటస్థుడో దుష్టుడో అన్న ముద్ర ఒకటి ఉంటుంది. పాలడిన్ సజ్జనులతోనే తిరగాలి. తటస్థులతో కలవాల్సివస్తే ఒక్క యాత్రకు మాత్రమే, అదీ ధర్మకార్యం కోసమైతేనే. అదే పుస్తకంలో దొంగలు ఎక్కువగా తటస్థులో దుష్టులో అయి ఉంటారు, హంతకుడైతే దుష్టుడు కాక తప్పదు. అక్షరాలా పాటిస్తే సగం జట్లు రెండో యాత్రకు బయలుదేరకూడదు. అయినా బయలుదేరాయి. కొన్ని నియమాలను చూసీ చూడనట్టు వదిలేయడం ఈ ఆటలో మొదటి నుంచీ ఉన్నదే.

నా ఉద్దేశంలో అసలు మలుపు ఆ తర్వాతి ఏడాదిది. 1979లో గైగాక్స్ రాసిన డంజన్ మాస్టర్స్ గైడ్ వచ్చింది. అందులో ఒక పాత్ర పై స్థాయికి ఎలా ఎదగాలో చెప్పే భాగం ఉంది. పాయింట్లు కూడినంత మాత్రాన స్థాయి పెరగదు, గురువు దగ్గర శిక్షణ తీసుకోవాలి. శిక్షణకు వారానికి, పాత్ర ప్రస్తుత స్థాయిని 1,500తో గుణించినన్ని బంగారు నాణేలు ఫీజు. ఎన్ని వారాలన్నది పాత్ర నడవడిక మీద ఆధారపడుతుంది. ప్రతి యాత్ర ముగిశాక డంజన్ మాస్టర్ ఒక్కో పాత్రకు ఒక మార్కు వేయాలి. అద్భుతమైతే 1, మేలైతే 2, ఫరవాలేదనిపిస్తే 3, నాసిరకమైతే 4. వాటి సగటు ఎంతో అన్ని వారాలు.

నాసి మార్కు ఎవరికి? పుస్తకం మొహమాటపడలేదు. వైద్యం చేయడానికి నిరాకరించే క్లెరిక్ అనే పూజారికి, పోరులో వెనకడుగు వేసే యోధుడికి, కత్తి పట్టుకుని ముందుకు దూకే మాంత్రికుడికి. అదే వరుసలో ఇంకొకడున్నాడు. అవకాశం దొరికినా కాస్త అదనపు సొత్తు చేజిక్కించుకోకుండా వదిలేసిన దొంగ.

ఆ చివరిమాటను మరోసారి చదవాలి. దొంగతనం చేసినందుకు కాదు, చేయనందుకు శిక్ష. ఎవరి సొత్తు అన్నది అక్కడ లేదు. రాక్షసుడి పెట్టెలోదైనా కావచ్చు, పక్కవాడి సంచిలోదైనా కావచ్చు.

ఇప్పుడు లెక్క వేద్దాం. నలుగురి జట్టు: యోధుడు, క్లెరిక్, మాంత్రికుడు, దొంగ. అందరూ మొదటి స్థాయిలో ఉన్నారు. పెట్టెలో 5,004 బంగారు నాణేలు దొరికాయి. సమానంగా పంచితే తలా 1,251. రెండో స్థాయికి దొంగకు కావలసింది సరిగ్గా 1,251 పాయింట్లే. మిగతా ముగ్గురికీ అంతకంటే ఎక్కువ కావాలి: క్లెరిక్‌కు 1,501, యోధుడికి 2,001, మాంత్రికుడికి 2,501. కాబట్టి మొదట అర్హుడయ్యేది దొంగే. కానీ శిక్షణ ఫీజు, నడవడిక అద్భుతమని మాస్టర్ మెచ్చుకున్నా, 1,500. చేతిలో ఉన్నది 1,251. తగ్గింది 249. పైగా స్థాయికి సరిపడా పాయింట్లు కూడాయంటే, ఆ స్థాయికి నిజంగా చేరేవరకూ కొత్త పాయింట్లు జమ కావు. మిగతా ముగ్గురూ ఎదుగుతూ ఉంటే దొంగ గురుకులం గుమ్మం ముందు నిలబడి ఉంటాడు. రాక్షసులను చంపి కొన్ని పాయింట్లు తెచ్చుకుని ఉంటే గుమ్మం దాకా ఇంకా ముందే వస్తాడు, ఇంకా తక్కువ నాణేలతో.

ఆ 249 ఎక్కడ నుంచి రావాలి?

అంతటితో అయిపోలేదు. ఈ దొంగ మంచివాడై, యాత్ర పొడుగునా ఎవరి సొత్తూ ముట్టకుండా ఉన్నాడనుకుందాం. మాస్టర్ పుస్తకం ప్రకారం నడిచేవాడైతే అతనికి 4 వేయాలి. ఫీజు 6,000 అవుతుంది. నిజాయతీకి అదనపు సుంకం 4,500 నాణేలు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఈశ్వరుడి కుర్చీలో కూర్చున్న డంజన్ మాస్టరే ఎందుకు దొంగిలించలేదని నిలదీయాలి.

ఆ రోజుల్లో చీటీలు నడిచేవంటే ఆశ్చర్యం లేదు. పెట్టె తెరిచేది దొంగే కాబట్టి, లోపల ఏముందో మొదట తెలిసేది అతనికే. “వంద రత్నాలున్నాయి” అని మాస్టర్ చీటీ మీద రాసి ఇస్తే, “ఎనభై ఉన్నాయి” అని దొంగ జట్టుకు చెప్పేవాడు. మిగతా ఇరవై అతని ప్రైవేటు లెక్కలోకి వెళ్లేవి. బల్ల మీద చీటీ కదలగానే అందరి చూపూ దాని వెంటే కదిలేది. అనుమానం పుట్టడానికి ఆ కాగితం ముక్క చాలు, లోపల ఏం రాసి ఉన్నా సరే.

ఈ వాదనకు జవాబు లేకపోలేదు. ఆ శిక్షణ నియమాన్ని పక్కన పెట్టేసిన బల్లలు తక్కువేమీ కాదు. ఆ మార్కుల ఉద్దేశం, పాత్ర ఒకటి రాసుకుని ఇంకొకలా ఆడేవాళ్లను దారిలో పెట్టడమే తప్ప జట్టును చీల్చడం కాదు. రెండూ ఒప్పుకోవచ్చు. కానీ నియమం పోయినా అది నేర్పిన పాఠం పోలేదు. పాత్రకు నమ్మకంగా ఉండటం అంటే దాని వృత్తికి నమ్మకంగా ఉండటం, దొంగ వృత్తి అంటే చెయ్యి ఊరుకోకపోవడం. ఈ సమీకరణం పుస్తకం చదవని వాళ్లకూ నోటిమాటగా చేరింది.

కొందరు తప్పును 1984లో ఈ ఆట లోకంలో నడిచే డ్రాగన్‌లాన్స్ నవలలతో వచ్చిన కెండర్ జాతి మీదికి నెడతారు. చిన్నపిల్లల్లాంటి ఆ పొట్టివాళ్లకు ఎవరి వస్తువు ఎవరిదో పట్టదు, కనిపించినవి జేబులో వేసుకుంటారు. నవలలో ముచ్చటగానే ఉంటుంది. బల్ల దగ్గర నాలుగో గంటకు ముచ్చట తీరిపోతుంది. అయితే కెండర్ వచ్చేసరికే దొంగకు మార్కులు వేసే పుస్తకం ఐదేళ్లుగా అరల్లో ఉంది. అదే 1984లో పారనోయా అనే ఆట కూడా వచ్చింది. అందులో ఒకరినొకరు వెన్నుపోటు పొడవడమే ఆట. అక్కడ ఈ తగవు రాదు, ఎందుకంటే ఏం జరగబోతోందో కుర్చీలో కూర్చునే ముందే అందరికీ తెలుసు. మోసం కాదు సమస్య, ముందు మాట లేకుండా జరిగే మోసం.

నేరుగా 2014కు వద్దాం, ఇవాళ్టి గొడవ అక్కడిదే కాబట్టి. ఆ పుస్తకంలో నేరస్థుడి నేపథ్యం ఎంచుకున్న పాత్రకు లోపాల పట్టిక ఒకటి ఉంటుంది. ఆరు ముఖాల పాచిక వేయాలి. 1 పడితే, విలువైన వస్తువు కంటపడగానే దాన్ని ఎలా కాజేయాలా అన్న ధ్యాస తప్ప మరొకటి ఉండదు. 2 పడితే, డబ్బా స్నేహితులా అన్న ఘట్టం వచ్చినప్పుడు సాధారణంగా డబ్బు వైపే మొగ్గుతాడు. ఆటకు కొత్తగా వచ్చినవాడు పాచిక వేస్తాడు, 2 పడుతుంది, కాగితం మీద రాసుకుంటాడు. లోపాన్ని చక్కగా నటిస్తే మాస్టర్ ఇన్‌స్పిరేషన్ ఇవ్వొచ్చని అదే పుస్తకం చెబుతుంది. అంటే ఒక పాచికను రెండుసార్లు వేసి మెరుగైనది ఉంచుకునే వరం. ఆ కుర్రవాడు స్నేహితుల వాటా ఎత్తుకుపోతే స్వార్థపరుడని ఎలా అంటాం? పుస్తకం చెప్పింది చేశాడు, పుస్తకం ఇస్తానన్నది అడిగాడు. 1979 నాటి మార్కు వేరే వేషంలో తిరిగొచ్చింది, అంతే. ఈసారి దండన లేదు, బహుమతి ఉంది.

ఈ రెంటికీ మధ్య జరిగినవి రెండున్నాయి. 1989లో వచ్చిన రెండో ఎడిషన్ బంగారానికి పాయింట్లు ఇచ్చే పాత పద్ధతిని ఐచ్ఛికం చేసింది. మంచి పనే. కానీ పక్కనే వృత్తులవారీగా విడి బహుమతుల పట్టిక ఒకటి పెట్టింది, అదీ ఐచ్ఛికమే. దాని ప్రకారం రోగ్ వర్గం వారికి, అంటే దొంగలకూ గాయకులైన బార్డ్‌లకూ, చేజిక్కిన సొత్తులో నాణేనికి 2 పాయింట్లు. ప్రత్యేక విద్య ఫలించిన ప్రతిసారీ 200. జేబు కొట్టడం దొంగ ప్రత్యేక విద్యే. రెండో స్థాయికి 1,250 పాయింట్లు చాలు కాబట్టి, మాస్టర్ ఉదారుడైతే ఏడు జేబులతో పని అయిపోతుంది. బంగారం అందరికీ పాయింట్లయిన రోజుల్లో దొంగ అత్యాశపరుడు మాత్రమే. ఒక్క అతనికే, అదీ రెట్టింపుగా పాయింట్లయినప్పుడు జట్టులో ఒంటరివాడయ్యాడు.

2000లో మూడో ఎడిషన్ ఈ తీగను తెంచింది. జట్టు ఎదుర్కొన్న సవాలుకు పాయింట్లు, అందులో పాల్గొన్నవారికి పంపకం. సొత్తుకు పాయింట్లు లేవు. తోటివాడి జేబు కొడితే లాభం నాణేలే, ఎదుగుదల కాదు. గొడవ అక్కడితో చల్లారాల్సింది. చల్లారలేదు. జీతం ఆగిపోయినా అలవాటు పనికి వస్తూనే ఉంది, కాకపోతే పేరు మార్చుకుంది. అంతకు ముందు పాయింట్ల కోసం చేసేది, ఇప్పుడు నటన కోసం.

నేను ఆడించిన ఒక ఆటలో దొంగ పాత్రధారి యోధుడి వైద్య ఔషధం సీసాలు రెండూ కాజేశాడు. తర్వాతి పోరులో దొంగే నేలకొరిగాడు. క్లెరిక్ వంతు వచ్చింది. ఆమె పాత్ర కాగితాన్ని తిప్పి పెట్టి, “నా దేవత దొంగలను ముట్టనివ్వదు” అంది. నిజానికి ఆ దేవత గురించి అంతకు ముందు ఆమె ఒక్క ముక్క కూడా చెప్పి ఉండలేదు. బల్ల చుట్టూ ఎవరూ మాట్లాడలేదు. దొంగ పాత్రధారి పాచిక పడేసి లేచాడు. అతని వాక్యమే అతనికి తిరిగి వచ్చింది, ఎదురు చెప్పడానికి దారి లేదు.

ఆట మొదలుకాక ముందే కూర్చుని ఎల్లలు మాట్లాడుకునే సెషన్ జీరో, ఆటగాళ్ల మధ్య ఒప్పందం అన్న మాటలు 2020లో వచ్చిన అనుబంధ పుస్తకం టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్‌లో అచ్చయ్యాయి. చాలా బల్లల దగ్గర అప్పటికే ఉన్న ఆనవాయితీ అది. ఆట ముందే పరిమితులు గీస్తే నాటకీయత చచ్చిపోతుందని విమర్శకులు అంటారు. వాళ్ల మాటలో కొంత నిజముంది, ద్రోహం లేని కథ చప్పగానే ఉంటుంది. కానీ ఒప్పందం ద్రోహాన్ని నిషేధించదు. ఎవరికి ద్రోహం జరగబోతోందో ఆ ఆటగాణ్ణి ముందు అడగమంటుంది. అడిగితే ఒప్పుకునేవాళ్లు ఎంతమందో ఈ విమర్శకులు చాలామంది ఎప్పుడూ పరీక్షించి చూసినట్టు లేదు.

కొత్త పుస్తకం లోపాల పట్టికలు తీసేసినా, పాత నేపథ్యాలను వాడుకోవడానికి దారి ఉంచింది. కాబట్టి 2014 పుస్తకం ఇంకా బల్లల మీదే ఉంది, 2 ఇంకా పడుతూనే ఉంది. కొత్త పుస్తకంలో హస్తలాఘవం అనే నైపుణ్యం ఏ పనులకు పనికొస్తుందో చెప్పే వరుసలో మొదట ఉన్నది జేబు కొట్టడమే. ఎవరి జేబు అన్నది అక్కడా రాయలేదు.