పిన్‌బాల్ అపోహలు: ఆలస్యం టీవీది, ఖర్చు గ్రాఫిక్స్ కార్డుకి

వర్చువల్ పిన్‌బాల్ క్యాబినెట్ (పిన్‌బాల్ మెషీన్ ఆకారపు పెట్టెలో కంప్యూటర్, పడుకోబెట్టిన టీవీ పెట్టి ఆడేది) కట్టుకున్నవాళ్ళు చెప్పే బాధ దాదాపు ఒకటే: బటన్ నొక్కాం, బంతిని కొట్టే ఫ్లిప్పర్ లేచేసరికి బంతి డ్రెయిన్‌లో, అంటే కింది ఖాళీలో, పడిపోయింది. వెంటనే ఎవరో ఒకరు గ్రాఫిక్స్ కార్డు మార్చమని సలహా పడేస్తారు. మారుస్తారు. ఫ్లిప్పర్ మాత్రం ఎప్పట్లాగే తీరిగ్గా లేస్తుంది.

అపోహ: ఫ్లిప్పర్ ఆలస్యమైందంటే కంప్యూటర్‌కి సత్తా చాలడం లేదు.

వాస్తవం: మూడు వేర్వేరు జబ్బుల్ని కలిపి ‘ల్యాగ్’ అనేస్తున్నారు. బొమ్మ ఆగి ఆగి కదిలితే అది స్టటర్. దానికి గ్రాఫిక్స్ కార్డు కారణం కావచ్చు. బంతి బెలూన్‌లా తేలుతూ దిగితే అది టేబుల్ (అంటే కంప్యూటర్‌లోని ఆ పిన్‌బాల్ ఆట) ఫిజిక్స్ సంగతి. అసలు మెషీన్‌కి వాలు సాధారణంగా 6.5 డిగ్రీలు ఉంటుంది; టేబుల్ సెట్టింగుల్లో వాలు, ఘర్షణ ఎంత పెట్టారో చూసుకోవాలి. బొమ్మ నున్నగా కదులుతోంది, బంతి మామూలుగానే దిగుతోంది, ఫ్లిప్పర్ ఒక్కటే వెనకబడుతోంది అంటే అదే అసలు ల్యాగ్. అందులో పెద్ద వాటా చాలాసార్లు ప్లేఫీల్డ్ (బంతి తిరిగే బల్ల) కోసం పడుకోబెట్టిన టీవీదే.

టీవీ తనకు అందిన ప్రతి ఫ్రేమ్‌నీ పట్టి ఉంచి, రంగులు దిద్ది, కదలికను నునుపు చేసి అప్పుడు చూపిస్తుంది. సినిమా చూసేటప్పుడు ఈ ఆలస్యం ఎవరికీ తెలియదు. గేమ్ మోడ్ (ఈ దిద్దుబాట్లు తగ్గించే టీవీ సెట్టింగు) లేకుండా కొన్ని టీవీల్లో ఇది 100 మిల్లీసెకన్లు కూడా దాటుతుంది. బంతి సెకనుకు ఒక మీటరు వేగంతో వస్తోందనుకోండి, 50 మిల్లీసెకన్లలో 5 సెంటీమీటర్లు జారిపోతుంది. మామూలు ఫ్లిప్పర్ పొడవే 3 అంగుళాలు. అంటే కొనతో కొడదామని చూసిన బంతి, మీరు చూసి నొక్కేలోపే చేజారిపోయిందన్నమాట. మీ చేతి వేగంలో లోపం లేదు, కంగారు పడకండి.

ఊహలతో పని లేదు, కొలవండి. ఫోన్‌ని స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేముల దగ్గర పెట్టి, బటన్ మీది వేలూ తెర మీది ఫ్లిప్పరూ రెండూ కనిపించేలా తీయండి. బటన్ లోపలికి దిగిన ఫ్రేమ్ నుంచి ఫ్లిప్పర్ కదిలిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేమ్ 4.17 మిల్లీసెకన్లు, కాబట్టి 12 ఫ్రేములు వస్తే 50 మిల్లీసెకన్లు. ఒకసారి తీసి వదిలేయకుండా పదిసార్లు తీసి సగటు చూడండి. ఏడెనిమిది ఫ్రేముల లోపు వస్తే హాయిగా ఆడుకోవచ్చు.

ఎక్కువొస్తే ఈ వరసలో వెళ్ళండి, ఒక్కో మార్పు తర్వాత మళ్ళీ కొలుస్తూ. మొదట టీవీలో గేమ్ మోడ్ పెట్టండి. మోషన్ స్మూతింగ్ ఆపేయండి. కొన్ని టీవీల్లో ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కి ‘పీసీ’ అని పేరు పెడితే గానీ అదనపు ప్రాసెసింగ్ ఆగదు. తర్వాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటు (తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో) నిజంగా ఎంత ఉందో చూడండి. డబ్బా మీద 120 అని రాసి ఉన్నా, హెచ్‌డీఎంఐ 2.0 పోర్టులో 4కె అయితే 60 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. 60లో ఒక ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లు, 120లో 8.3. రెంటిలో ఒకటే దొరికేటట్టయితే రిజల్యూషన్ తగ్గించి 120 తీసుకోవడమే మేలు. చివరగా వీసింక్, అంటే తెర వేగానికి తగ్గట్టు ఫ్రేములు పంపే సెట్టింగు. డ్రైవర్ మూడు ఫ్రేములు ముందే గీసి క్యూలో పెట్టుకుంటే 60 హెర్ట్జ్ దగ్గర అదే 50 మిల్లీసెకన్లు తినేస్తుంది. ఆ క్యూని 1కి దించండి. వీసింక్ ఆపేస్తే బొమ్మ అడ్డంగా చిరిగినట్టు కనిపించవచ్చు, దాన్ని భరించగలరో లేదో మీ ఇష్టం. బ్యాక్‌గ్లాస్ తెర (వెనక నిలువుగా ఉండే బొమ్మ తెర) గురించి బెంగ వద్దు, అక్కడ వేగంతో పని లేదు.

అపోహ: సోలెనాయిడ్లు (కరెంటు ఇవ్వగానే కడ్డీని లాగే కాయిల్స్) బిగిస్తే అసలు మెషీన్ అయిపోతుంది.

చప్పుడు వస్తుంది, నిజమే. కానీ ల్యాగ్ తీరకుండా బటన్ నుంచి నేరుగా సోలెనాయిడ్‌కి తీగ లాగితే, ముందు ‘టక్’మంటుంది, ఫ్లిప్పర్ తర్వాత లేస్తుంది. ఉన్న జబ్బు ఇంకా బయటపడుతుంది. పైగా అసలు ఫ్లిప్పర్ కాయిల్‌లో రెండు చుట్లు ఉంటాయి: పైకి విసరడానికి బలమైనది, పట్టి ఉంచడానికి బలహీనమైనది. ఫ్లిప్పర్ పైకి చేరగానే బలమైన చుట్టు పక్కకు తప్పుకుంటుంది. చవకగా కొన్న ఒంటి చుట్టు సోలెనాయిడ్‌కి ఆ ఏర్పాటు ఉండదు. బంతిని ఫ్లిప్పర్ మీద ఆపి గురి చూసేలోపే వేడెక్కుతుంది, అలాగే పట్టి ఉంచితే కాలిపోతుంది. నిరంతరం పనిచేసేందుకు తయారైన 24 వోల్టుల కాంటాక్టర్లు (కాయిల్‌తో నడిచే పెద్ద స్విచ్‌లు) వాడండి, లేదా కంట్రోలర్ బోర్డులో పూర్తి కరెంటుకి కాలపరిమితి పెట్టండి. ప్రతి కాయిల్‌కీ అడ్డంగా 1ఎన్4007 డయోడ్, గీత ఉన్న కొన ప్లస్ వైపు. అది లేకపోతే కాయిల్ ఆగిన ప్రతిసారీ ఎగిసే వోల్టేజి బోర్డులో కాయిల్‌ని నడిపే మాస్‌ఫెట్‌ని (ఎలక్ట్రానిక్ స్విచ్‌ని) చంపుతుంది. తిరగేసి పెడితే పవర్ సప్లై షార్ట్ అవుతుంది.

అపోహ: వర్చువల్ టేబుల్ అంటే ఉత్త అనుకరణ.

సగమే. వర్చువల్ టేబుళ్ళు నడిపే ప్రోగ్రామ్ విజువల్ పిన్‌బాల్ 2000లో వచ్చింది. దానికి పిన్‌మేమ్ (పిన్‌బాల్ మెషీన్ల ఎలక్ట్రానిక్స్‌ని అనుకరించే ప్రోగ్రామ్) తోడైతే అసలు మెషీన్ రోమ్ (ROM) చిప్‌లోని ప్రోగ్రామే నడుస్తుంది, కాబట్టి రూల్సూ స్కోరూ అసలువే. బంతి నడక మాత్రం టేబుల్ చేసినవాళ్ళ అంచనా. ప్రాసెసర్ రాకముందు రిలేలతో నడిచిన మెషీన్లకి అసలు ప్రోగ్రామే లేదు, వాటి రూల్స్ స్క్రిప్టులో రాసుకోవలసిందే.

అపోహ: పిన్‌బాల్ అంతా అదృష్టం, అందుకే నిషేధించారు.

నిషేధించినప్పటి మెషీన్లకి ఫ్లిప్పర్లే లేవు! న్యూయార్క్ నిషేధం 1942లో. ఫ్లిప్పర్లతో మొదటి ఆట, గాట్‌లీబ్ కంపెనీ హంప్టీ డంప్టీ, 1947లో. 1976లో పిన్‌బాల్ ఆటగాడు రోజర్ షార్ప్ అధికారుల ఎదుట బంతి ఏ దారిలో పడుతుందో ముందే చెప్పి అలాగే వేసి చూపించాకే ఆ నిషేధం పోయింది.

అపోహ: వర్చువల్ వచ్చి అసలు పిన్‌బాల్‌ని చంపింది.

పెద్ద పిన్‌బాల్ కంపెనీ విలియమ్స్ 1999లోనే పిన్‌బాల్ తయారీ మానేసింది, అంటే విజువల్ పిన్‌బాల్ పుట్టకముందే. ఇక చెప్పేదేముంది.

అపోహ: మెషీన్‌ని కదిపితే మోసం.

నడ్జ్, అంటే మెషీన్‌ని కాస్త కదపడం, ఆటలో భాగమే. హద్దు మీరకుండా చూడటానికే టిల్ట్, అంటే రింగులో వేలాడే చిన్న లోలకం. చాలా మెషీన్లు ముందు హెచ్చరించి ఆ తర్వాతే ఆ బంతికి ఆట కట్టేస్తాయి. వర్చువల్‌లో ఆ పని యాక్సెలరోమీటర్‌ది, అంటే కదలికను పసిగట్టే చిప్‌ది. దాన్ని క్యాబినెట్ అడుగున చదునుగా, స్క్రూలతో గట్టిగా బిగించండి. సబ్‌వూఫర్ పక్కన పెట్టారో, బాస్ మోగినప్పుడల్లా నడ్జ్ అనుకుని టిల్ట్ కొట్టేస్తుంది.