కడుపులో పుండుకు ఇన్ని మాత్రలా? అపోహలు - వాస్తవాలు

ఎండోస్కోపీలో పుండు కనబడి, హెచ్. పైలోరీ బ్యాక్టీరియా ఉందని తేలినవారు చీటీ పట్టుకుని ఫార్మసీకి వస్తారు. అందులో రెండు యాంటీబయాటిక్‌లు, కడుపులో ఆమ్లాన్ని తగ్గించే ఒక గ్యాస్ మాత్ర, కొందరికి బిస్మత్ అనే మరో మందు కూడా ఉంటాయి. తరచుగా 14 రోజులకు రాస్తారు. ఆస్పత్రి ఫార్మసిస్టుగా అవి చేతికిచ్చేటప్పుడు నేను వినే మాటలు, నేను చెప్పే జవాబులు ఇవి.

అపోహ: పుండు కారం వల్ల పడింది. కారం మానేస్తే చాలు.

వాస్తవం: గుంటూరు మిరపకాయ మీద ఈ నేరం మోపడం అన్యాయం. కారం మంటను పెంచవచ్చు కానీ పుండును పుట్టించదు. ఎక్కువ పుండ్లకు కారణాలు రెండే: ఈ బ్యాక్టీరియా, లేదా డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే డాక్టర్లు పుండుకు బ్యాక్టీరియా కారణమని చెబితే చాలామంది నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాను తానే తాగి కడుపులో వాపు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. మన దగ్గర మాత్రం ఇంకా ఆవకాయ మానేసి, మోకాళ్ల నొప్పికి రోజూ మాత్ర వేసుకునేవారు ఉన్నారు!

అపోహ: గట్టి యాంటీబయాటిక్ ఒక్కటి చాలు. గ్యాస్ మాత్ర మంట ఉంటేనే వేసుకోవాలి.

వాస్తవం: ఈ బ్యాక్టీరియా కడుపు లోపలి జిగురు పొరలో దాక్కుంటుంది. ఒక్క మందుకు లొంగనివి కొన్ని బతికి, మళ్లీ పెరుగుతాయి. మన దేశంలో మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని రకాలు ఎక్కువ, క్లారిత్రోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్‌కు లొంగనివీ తక్కువేమీ కాదు. అందుకే మందులు కలిపి ఇస్తారు. ఇక గ్యాస్ మాత్ర ఉన్నది మంట కోసం మాత్రమే కాదు. ఆమ్లం తగ్గితేనే అమాక్సిసిలిన్, క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు సరిగ్గా పనిచేస్తాయి. కాబట్టి మంట ఉన్నా లేకపోయినా, చీటీలో రాసినన్ని పూటలూ భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి.

అపోహ: నాలుగు రోజులకే మంట తగ్గింది, ఇక ఆపేయవచ్చు.

వాస్తవం: ఆ ఉపశమనం చాలావరకు గ్యాస్ మాత్ర చలవే. బ్యాక్టీరియా ఇంకా చావలేదు. సగంలో ఆపితే మిగిలినవి మొండికేస్తాయి, రెండోసారి అదే క్లారిత్రోమైసిన్ రాయడానికి డాక్టరుకు వీలుండదు. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తరువాతి మోతాదుకు వేళ దగ్గరపడితే వదిలేయండి, రెండూ కలిపి మాత్రం మింగవద్దు.

అపోహ: ఇవి వేడి చేసే మందులు, పాలతోనో మజ్జిగతోనో వేసుకోవాలి.

వాస్తవం: అమాక్సిసిలిన్, క్లారిత్రోమైసిన్ వేసుకునేవారు మజ్జిగ తాగితే నష్టం లేదు. చీటీలో టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఉంటే సంగతి వేరు. పాలు, పెరుగు, మజ్జిగ, కాల్షియం, ఐరన్ మాత్రలు, యాంటాసిడ్ సిరప్ దాన్ని ఒంటికి పట్టనివ్వవు. కనీసం రెండు గంటల ఎడం ఉంచాలి. రాత్రి గుక్కెడు నీళ్లతో మింగి వెంటనే పడుకుంటే ఆ మాత్ర అన్నవాహికలో అతుక్కుని అక్కడ కొత్త పుండు చేయవచ్చు. కూర్చుని, నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని, కాసేపయ్యాక పడుకోండి. గర్భిణులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఈ మందు సాధారణంగా ఇవ్వరు.

అపోహ: బీపీ, షుగరు, గుండె మందులతో దీనికి సంబంధం లేదు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా భయం కలిగించే మాట ఇదే. క్లారిత్రోమైసిన్ అనేక మందులను ఒంట్లోంచి త్వరగా బయటకు పోనివ్వదు. కొలెస్ట్రాల్‌కు వాడే సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ అలా పేరుకుంటే కండరాలు దెబ్బతింటాయి. అమ్లోడిపిన్‌తో బీపీ బాగా పడిపోవచ్చు. కొన్ని షుగరు మాత్రలతో చక్కెర తగ్గి చెమటలు పట్టి, వణుకు వస్తుంది. వార్ఫరిన్, అసినోకౌమరాల్ వంటి రక్తం పలుచన చేసే మందులు వాడేవారికి రక్తస్రావం ముప్పు ఉంది, మెట్రోనిడజోల్‌తోనూ అంతే. మీ అంతట మీరు ఏదీ ఆపవద్దు. ఇంట్లో వాడుతున్న మాత్రలన్నీ ఒక కవరులో వేసుకుని తెచ్చి చూపండి. కొన్నింటిని ఆ రెండు వారాలు ఆపించడమో, మోతాదు మార్చడమో, వేరే యాంటీబయాటిక్ ఎంచుకోవడమో డాక్టరు చేస్తారు. "చిన్నప్పుడు పెన్సిలిన్ సూదికి ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి" అన్న పాత సంగతి కూడా తప్పక చెప్పాలి. అమాక్సిసిలిన్ ఆ కుటుంబానిదే.

అపోహ: విరేచనం నల్లగా అయితే మందు పడలేదన్నమాట.

వాస్తవం: బిస్మత్ వాడితే విరేచనం, నాలుక నల్లబడతాయి, మందు ఆపాక మామూలవుతాయి. క్లారిత్రోమైసిన్‌తో నోరు చేదుగా, ఇనుము నాకినట్టు ఉంటుంది. ఒకటి రెండు పలుచటి విరేచనాలూ మామూలే. అయితే విరేచనం తారులా జిగటగా, దుర్వాసనతో ఉండి కళ్లు తిరుగుతున్నా, కాఫీ పొడిలాంటి వాంతి అయినా అది రక్తస్రావం కావచ్చు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ముఖం వాచినా, ఆయాసం వచ్చినా, నీళ్ల విరేచనాలు ఆగకపోయినా అంతే.

మెట్రోనిడజోల్, దానిలాంటిదే అయిన టినిడజోల్ వాడుతూ "ఒక్క పెగ్గు" అని అడిగేవారికి నా జవాబు: వద్దు. కోర్సు ముగిశాక మరో మూడు రోజుల వరకూ వద్దు.

అపోహ: కోర్సు అయిపోయింది కనుక బ్యాక్టీరియా పోయినట్టే.

వాస్తవం: పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. యాంటీబయాటిక్‌లు ముగిసిన కనీసం నాలుగు వారాల తరువాత, గ్యాస్ మాత్ర రెండు వారాలు ఆపి, శ్వాస పరీక్ష గానీ మల పరీక్ష గానీ చేయించుకోవాలి. రక్తంలో యాంటీబాడీల పరీక్ష ఇందుకు పనికిరాదు, జబ్బు నయమైనా అది నెలల తరబడి పాజిటివ్‌గానే చూపిస్తుంది. మాత్ర ఆపిన ఆ రెండు వారాల్లో మంట వస్తే యాంటాసిడ్ సిరప్ వాడవచ్చేమో ముందే డాక్టరును అడిగి పెట్టుకోండి.