కాగితపు పూల తీగా, తంగేడు పొదా: కొన్ని అపోహలు, వాస్తవాలు

హనుమకొండ చుట్టుపక్కల కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు గేటు పక్కన నాటేందుకు మొక్క కావాలని మా నర్సరీకి వస్తే, ముందుగా కాగితపు పూల తీగ వైపే చెయ్యి చూపుతారు. తంగేడు పేరెత్తితే, చెలక గట్టు మీద మొలిచేదాన్ని ఎవరైనా కొంటారా అని నవ్వుతారు. 2014లో అదే మన రాష్ట్ర పుష్పమైంది.

అపోహ: కొనడమెందుకు, గట్టు మీది తంగేడును తవ్వి తెచ్చి నాటుకోవచ్చు.

వాస్తవం: అలా తెచ్చినవాటిలో బతికినవి నేను చూసినంతలో చాలా తక్కువ. తంగేడు తల్లివేరు లేత వయసులోనే లోతుకు దిగుతుంది. గడ్డపారతో పెకలిస్తే అది తెగి, పైన ఆకు పచ్చగా కనిపించినా కొద్ది రోజుల్లోనే మొక్క ఎండిపోతుంది. గింజ పెంకు గట్టిది కనుక, కాచి దించిన నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి, కవర్లలో విత్తి, వేరు అడుగున చుట్టుకోకముందే తొలకరికి నేలలో పెట్టాలి. చిన్న కుండీలో తంగేడును పెంచాలన్న ఆలోచన మానుకోవడమే మేలు.

అపోహ: ఎన్ని నీళ్లు పోస్తే కాగితపు పూలు అంత విరగబూస్తాయి.

వాస్తవం: జరిగేది దీనికి విరుద్ధం. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ తీగలో మనం పూలనుకునే రంగు రేకులు నిజానికి ఆకులే. అసలు పువ్వు వాటి మధ్య సన్నని తెల్లని గొట్టంలా ఉంటుంది. రోజూ నీరు, పైన యూరియా అందితే ముళ్ల కొమ్మలే పెరుగుతాయి. నీరు నిలిచే రేగడి నేలలో వేరు కుళ్లుతుంది. ఇది గోడను తానే పట్టుకొని పాకుతుందన్న మాట కూడా తప్పే, ఎందుకంటే దీనికి నులితీగలు లేవు, మనమే కట్టుకుంటూ పోవాలి.

అపోహ: చిక్కుడు కుటుంబానిదే కనుక తంగేడు నేలకు నత్రజని ఇస్తుంది.

వాస్తవం: ఆ కుటుంబానిదే అయినా, గాలిలోని నత్రజనిని పట్టే సూక్ష్మజీవులుండే బుడిపెలు తంగేడు వేళ్లపై సాధారణంగా ఏర్పడవు.

రెండూ మొండివే కాబట్టి నీళ్లే అక్కర్లేదనుకోవడం మరో పొరపాటు. మొదటి వేసవి దాటేదాకా రెండింటికీ తడి ఇవ్వాలి. తంగేడు ఆకులపై గొంగళిపురుగులు కనిపించగానే మందు కొట్టవద్దు, వాటిలో చాలావరకు సీతాకోకచిలుకల పిల్లలే.

పిల్లలు తిరిగే ఇరుకు దారిలో ముళ్ల తీగను నేను సిఫారసు చేయను. ఎండ తగిలే ఎత్తైన గోడ, ఏటా కత్తిరించే ఓపిక ఉన్నవారికి అది బాగుంటుంది. మొరం నేలలో నాలుగడుగుల జాగా ఉన్నవారికి మాత్రం తంగేడే ఇస్తాను. బతుకమ్మకు కొమ్మల చివర్లు కోసుకుంటే దానికి కత్తిరింపూ అయిపోతుంది, పొద గుబురుగా మళ్లీ చిగురిస్తుంది.