డీటీహెచ్ బాక్స్ మార్చమంటున్నారా? అపోహలు - వాస్తవాలు

మార్కాపురం చుట్టుపక్కల ఊళ్ళల్లో డిష్‌లు బిగించే పని మొదలుపెట్టి నాకు పదిహేడేళ్ళు దాటింది. వాన పడితే వచ్చే ఫోన్లు, మ్యాచ్ రోజు వచ్చే ఫోన్లు మాకు మామూలే, కానీ ఈమధ్య ఇంకోరకం ఫోన్లు ఎక్కువయ్యాయి, "టెక్నాలజీ మారిందంట, మన బాక్స్ ఇంక పనికిరాదంట, మూడువేలు కట్టమంటున్నారు, నిజమేనా" అని.

మొన్నామధ్య ఒక పెద్దమ్మ ఇంటికెళ్ళా. రేకుల ఇల్లు, ఒక్కతే ఉంటది, సాయంత్రం టీవీయే ఆమెకి తోడు. బాక్స్ ఆన్ అవట్లేదని ఎవరినో పిలిపిస్తే అతనొచ్చి పాత టెక్నాలజీ ఆపేశారని చెప్పి డిష్, దాని ముందుండే ఎల్‌ఎన్‌బీ (సిగ్నల్ పట్టే చిన్న డబ్బా), వైరు, బాక్స్ మొత్తం మార్చి 2,800 తీసుకెళ్ళాడు. నెలకొచ్చే పింఛను 4,000 అండి. పాత డిష్ పెరట్లో చింతచెట్టు కింద పడుంది, తుప్పు కూడా లేదు. పాత బాక్స్‌కి నా బ్యాగులో ఉన్న 12 వోల్టుల అడాప్టర్ పెట్టి చూస్తే లైటు వెలిగింది, సిగ్నల్ పెట్టి చూస్తే బొమ్మ కూడా వచ్చింది. పోయింది అడాప్టర్ ఒక్కటే, రెండు మూడొందల్లో అయిపోయే పని. "నాకేం తెలుసు నాయనా, ఆగిపోయిందంటే నిజమే అనుకున్నా" అంది. ఆ రోజే అనుకున్నా ఇదంతా ఒకచోట రాయాలని.

అపోహ: టెక్నాలజీ మారితే డిష్ నుంచి వైరు దాకా అన్నీ మార్చాలి.

వాస్తవం ఏంటంటే, మారేది బాక్స్ ఒక్కటే. ఇది అర్థమవ్వాలంటే అసలు మారిందేంటో తెలియాలి. మన దగ్గర పత్తి తీసే రోజుల్లో చూసుంటారు, విడి పత్తి ట్రాక్టర్లో వేస్తే కొండంత కనిపిస్తది, తూకం వేస్తే అంతుండదు. అదే పత్తిని జిన్నింగ్ మిల్లులో ప్రెస్ చేసి బేళ్ళు కడితే ఒక్క లారీలో ఎన్నో రెట్లు పడుతుంది. టీవీ బొమ్మని కూడా అట్లాగే నొక్కి పంపుతారు. మొదట్లో వాడింది ఎంపెగ్-2 అనే పద్ధతి, తర్వాత వచ్చింది ఎంపెగ్-4, ఇది దాదాపు సగం చోటులోనే అదే బొమ్మని పంపిస్తుంది. దాంతోపాటు సిగ్నల్‌ని పంపే పద్ధతి కూడా డీవీబీ-ఎస్ నుంచి డీవీబీ-ఎస్2కి మారింది, దాని వల్ల అదే చోటులో ఇంకో 30 శాతం దాకా ఎక్కువ పడుతుంది. హెచ్‌డీ కంటే స్పష్టంగా ఉండే 4కే బొమ్మ కోసం ఇప్పుడు హెచ్‌ఈవీసీ అని ఇంకోటుంది, దానికి ఎంపెగ్-4లో సగం చోటు చాలు.

ఆ బేలు విప్పేది ఎవరు? బాక్స్ లోపలున్న చిప్. డిష్ అనేది సిగ్నల్‌ని ఒకచోటికి చేర్చే వంపు రేకు, పైనుంచొచ్చేది ఎంపెగ్-2నా ఎంపెగ్-4నా దానికి సంబంధం లేదు. ఎల్‌ఎన్‌బీ పని ఆ 11, 12 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని వైరులో పోయేంత ఫ్రీక్వెన్సీకి దించి బాక్స్‌కి పంపడం, అంతే. కాబట్టి ఎవరన్నా "కొత్త టెక్నాలజీకి కొత్త డిష్" అన్నారంటే, ఎందుకని గట్టిగా అడగండి.

ఐతే ఒక్క విషయం నిజాయితీగా చెప్పాలి. కొత్త బాక్స్ పెట్టాక వాన చినుకు పడగానే బొమ్మ ఆగిపోతోందని కొందరంటారు, అది వాళ్ళ భ్రమ కాదు. కొత్త పద్ధతిలో ఒక్కో సిగ్నల్‌లో ఎక్కువ సమాచారం కుక్కి పంపుతారు, అది విప్పాలంటే సిగ్నల్ కొంచెం శుభ్రంగా ఉండాలి. పాత బాక్స్‌తో డిష్ కాస్త పక్కకి జరిగున్నా నడిచిపోయేది, కొత్తదానితో నడవదు. దీనికి మందు కొత్త డిష్ కాదు, ఉన్న డిష్‌నే మీటర్ పెట్టి సరిగ్గా తిప్పి నట్లు బిగించడం, ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టర్లో నీళ్ళు దిగుంటే కోసేసి కొత్తది వేసి టేపు చుట్టడం. పావుగంట పని. గట్టి వాన కురిస్తే మాత్రం ఎంత మంచి డిష్ అయినా కాసేపు ఆగుతుంది, ఆ ఫ్రీక్వెన్సీని వాన నీరు మింగేస్తుంది, దానికి ఏ బాక్స్ కొన్నా లాభం లేదు.

అపోహ: సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే సరిపోతుంది, బాక్స్ మార్చడమంతా మోసమే.

ఇది రెండో వైపు అపోహ. ఇలా అనుకొని నా మీదే గొడవకొచ్చినవాళ్ళున్నారు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ డిష్ ద్వారానే వస్తుంది నిజమే, దాంతో మెనూ మారుతుంది, గైడ్ మారుతుంది. కానీ ఎంపెగ్-2 బాక్స్‌లో ఉన్న చిప్‌కి ఎంపెగ్-4 విప్పడం రాదు, ట్యూనర్‌కి కొత్త సిగ్నల్ పట్టుకోవడం రాదు. అవి తయారైనప్పుడే అంతవరకు. కాబట్టి కంపెనీ నిజంగా పద్ధతి మార్చేస్తే బాక్స్ మార్చక తప్పదు.

మరి ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? నాకు బాగా కోపం తెప్పించేది ఇక్కడే. ఉపగ్రహంలో చానళ్ళని అందుకొని కిందికి పంపే ట్రాన్స్‌పాండర్ అనే పరికరానికి అద్దె కంపెనీ కడుతుంది. పద్ధతి మారిస్తే అదే అద్దెలో రెట్టింపు చానళ్ళు నడపొచ్చు, అంటే ముందు మిగులు వాళ్ళకి. చూసేవాడు అడగలేదు, వాడి బాక్స్ పాడవలేదు, నెలనెలా రీచార్జ్ కడుతూనే ఉన్నాడు. అలాంటప్పుడు బాక్స్ మార్పు ఉచితంగా చెయ్యడమే న్యాయం. ఈ పనిలో నేను చూసినంతలో చాలాసార్లు కంపెనీలే వాళ్ళ ఖర్చుతో మార్చాయి, ఐతే గట్టిగా అడిగినవాళ్ళకి ముందు, ఊరుకున్నవాళ్ళకి ఆఖర్న, అసలు తెలియనివాళ్ళు డబ్బు పెట్టి కొనుక్కున్నారు. అందుకే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "మార్పు మీరు చేస్తున్నారు, నా బాక్స్ బాగానే ఉంది, ఉచితంగా మార్చండి" అని చెప్పండి, కంప్లైంట్ నంబర్ రాసుకోండి. పని జరక్కపోతే కంపెనీలో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్‌కి రాయండి, అప్పటికీ కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

మన దేశంలో డీటీహెచ్ కథ చూస్తే కూడా ఇది తెలుస్తుంది. డిష్ టీవీ 2003లో, దూరదర్శన్ ఉచిత సర్వీసు (ఇప్పటి ఫ్రీ డిష్) 2004 డిసెంబర్లో 33 చానళ్ళతో, టాటా స్కై (ఇప్పటి టాటా ప్లే) 2006లో మొదలైనప్పుడు అంతా ఎంపెగ్-2. 2007 చివర్లో సన్ డైరెక్ట్ ఎంపెగ్-4తో మొదలైంది, తర్వాతొచ్చిన ఎయిర్‌టెల్, వీడియోకాన్ కూడా ఎంపెగ్-4తోనే వచ్చాయి. అంటే ముందు వచ్చి ముందు నమ్మి కొన్న కస్టమర్లకే బాక్స్ మార్చుకోవాల్సిన తిప్పలు వచ్చాయన్నమాట.

అపోహ: ఉపగ్రహం మారితే బాక్స్ కూడా మార్చాలి.

అక్కర్లేదు, డిష్ తిప్పితే చాలు. 2010 జూలైలో ఇన్‌శాట్-4బీ ఉపగ్రహంలో కరెంటు సమస్య వచ్చి సగం ట్రాన్స్‌పాండర్లు ఆపేయాల్సొచ్చింది. సన్ డైరెక్ట్ చానళ్ళని 93.5 డిగ్రీల (ఆకాశంలో ఉపగ్రహం ఉండే చోటుని ఇలా డిగ్రీల్లో చెప్తారు) నుంచి 91.5 డిగ్రీల్లో ఉన్న మీశాట్-3కి మార్చారు. తేడా రెండు డిగ్రీలే, డిష్ మీద చూస్తే వేలు మందం జరిపినట్టు ఉంటుంది. నేను అప్పటికి కొత్త, పొద్దున ఎక్కిన మిద్దెలు దిగేసరికి చీకటి పడేది, బాక్సులన్నీ పాతవే, బొమ్మ మళ్ళీ వచ్చింది. మా ప్రాంతంలో 83 డిగ్రీల టాటా ప్లే డిష్ దక్షిణం నుంచి కొంచెం తూర్పుకి, 93.5లో ఉన్న ఫ్రీ డిష్ ఆగ్నేయానికి, 108.2లో ఉన్న ఎయిర్‌టెల్ ఇంకా తూర్పుకి చూస్తాయి. మీ ఇంటి మీద డిష్ ఎటు చూస్తోందో ఒకసారి చూసి పెట్టుకోండి, ఎవరన్నా కదిలించి పాడైందని చెప్తే పనికొస్తుంది.

పాత డబ్బా టీవీకి కొత్త బాక్స్ పనిచేయదని ఇంకో మాట ప్రచారంలో ఉంది. పనిచేస్తుంది. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులుండే ఏవీ వైరు పెట్టుకోవచ్చు, కొన్ని కొత్త హెచ్‌డీ బాక్సులకి మాత్రం ఒకవైపు సన్న పిన్ను ఉండే ఏవీ వైరు కావాలి, అది చౌకే. అలాగే హెచ్‌డీ బాక్స్ పెట్టగానే అన్నీ హెచ్‌డీలో రావు, హెచ్‌డీ చానల్‌కి విడిగా ప్యాక్ ఉండాలి, హెచ్‌డీఎంఐ వైరు ఉండాలి. మీకు సీరియళ్ళు, వార్తలు చాలనుకుంటే, ఉన్న ఎస్‌డీ (మామూలు బొమ్మ) బాక్స్ నడుస్తుంటే, మార్చాల్సిన అవసరం నాకైతే కనపడదు.

అపోహ: డబ్బిచ్చి కొన్న బాక్స్ నాది, వేరే కంపెనీకి వాడుకోవచ్చు.

వాడుకునేలా ఉండాలి, కానీ లేదు. ఫోన్‌లో సిమ్ మార్చుకున్నట్టు టీవీ బాక్స్‌లో కార్డు మార్చుకోవడం కుదరదు, ఎందుకంటే బాక్స్‌లో సాఫ్ట్‌వేర్, కార్డు, లాకు అన్నీ ఆ కంపెనీవే. డీటీహెచ్ లైసెన్సు షరతుల్లో ఒక కంపెనీ బాక్స్ ఇంకో కంపెనీకి పనికిరావాలని మొదట్నుంచీ ఉంది, దానికోసం బాక్స్ వెనక మాడ్యూల్ (వేరే కంపెనీ లాకు తెరిచే చిన్న పరికరం) పెట్టే స్లాట్ ఉండాలన్నారు, కానీ ఆ మాడ్యూల్ కొనడం కంటే కొత్త బాక్స్ తీసుకోవడమే చౌక అయ్యేసరికి ఎవరూ కొనలేదు. 2020 ఏప్రిల్లో టెలికాం, టీవీ సర్వీసుల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ ట్రాయ్ మళ్ళీ అన్ని బాక్సులూ ఎవరికైనా పనికొచ్చేలా చెయ్యాలని సిఫారసు చేసింది. మా షాపుకి అలాంటి బాక్స్ ఇంతవరకు రాలేదు. ఇది జరిగి ఉంటే ఈ మార్పుల ఖర్చులో సగం తప్పేది, కంపెనీ మారాలనుకున్న ప్రతి ఇంట్లో ఒక మంచి బాక్స్ అటక మీదకి పోతోంది, చూస్తుంటే బాధేస్తుంది.

ఇంక ఫ్రీ డిష్ సంగతి. డబ్బు కట్టే డీటీహెచ్‌లో ఎంపెగ్-4 మార్పు చాలావరకు అయిపోయింది, ఫ్రీ డిష్‌లో మాత్రం ఎంపెగ్-2, ఎంపెగ్-4 రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి. పాత బాక్స్ ఉన్నవాళ్ళకి ఎంపెగ్-2 చానళ్ళు వస్తూనే ఉంటాయి, ఎంపెగ్-4లో ఉన్నవి మాత్రం రావు, అందుకే పక్కింట్లో ఎక్కువ చానళ్ళు, మనింట్లో తక్కువ. దీన్నే "మీ బాక్స్ గడువు అయిపోయింది, రీచార్జ్ చెయ్యాలి" అని చెప్పి డబ్బులు తీసుకునేవాళ్ళున్నారు. ఫ్రీ డిష్‌కి నెలనెలా కట్టేది ఏమీ లేదు, రీచార్జ్ అన్నారంటేనే అబద్ధం. చానల్ పోతే ముందు బాక్స్‌లో స్కాన్ కొట్టండి, చాలాసార్లు అక్కడితో అయిపోతుంది. నిజంగా ఎక్కువ చానళ్ళు కావాలంటేనే ఎంపెగ్-4 బాక్స్ కొనుక్కోండి, ఒక్కసారి ఖర్చు.

5జీ టవర్ల వల్ల డిష్‌లు పోతాయనే భయం కూడా ఉంది. 5జీ ఫ్రీక్వెన్సీ దగ్గర్లో ఉండేది సీ-బ్యాండ్, అది కేబుల్ ఆపరేటర్ల దగ్గరుండే పెద్ద డిష్‌లది, వాళ్ళకి ఫిల్టర్ పెట్టుకునే అవసరం రావొచ్చు. మన ఇంటి మీద చిన్న డిష్ కేయూ బ్యాండ్, దానికీ దీనికీ చాలా దూరం. ఆ మాటకొస్తే ఉపగ్రహ టీవీ రేపో మాపో మూతపడుతుందనే మాట కూడా తొందరపాటే, 2022 జూన్లో జీశాట్-24 అనే ఉపగ్రహాన్ని పంపిందే డీటీహెచ్ కోసం, 24 కేయూ బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లతో. మా నల్లమల వైపు ఊళ్ళల్లో ఇప్పటికీ ఇంటర్నెట్ సరిగ్గా అందదు, అక్కడ డిష్ తప్ప ఇంకో దారి లేదు.

ఫోన్లో "ప్రభుత్వం ఆర్డరు, ఈ రాత్రికి కట్టకపోతే మీ కనెక్షన్ ఆగిపోతుంది" అని లింకు పంపితే మాత్రం నొక్కొద్దు, ఓటీపీ చెప్పొద్దు. నిజంగా మార్పు ఉంటే టీవీ స్క్రీన్ మీదే మెసేజ్ వస్తుంది, మీరే కస్టమర్ కేర్‌కి చేసి అడగొచ్చు. కొత్త బాక్స్ తీసుకునేటప్పుడు అది మీ సొంతమా అద్దెదా, వారంటీ ఎంత, ఇవి బిల్లు మీద రాయించుకోండి.

ఆ పెద్దమ్మ పాత డిష్ చింతచెట్టు కిందే ఉంటే నాకు మనసొప్పలేదు. ఆమె చెల్లెలు పక్క వీధిలోనే ఉంటుంది, వాళ్ళింటి మిద్దె మీద అదే డిష్ పెట్టి 93.5 డిగ్రీలకి తిప్పి, ఒక ఫ్రీ డిష్ బాక్స్ పెట్టా. డిష్‌కి, ఎల్‌ఎన్‌బీకి, వైరుకి ఆవిడ ఒక్క రూపాయి పెట్టలేదు. మీటర్లో సిగ్నల్ చూస్తే 80 దాటి ఉంది.