ఇంటి సర్వర్ మీ చేతికిచ్చే ముందు

పిల్లలూ,

మొన్న వీడియో కాల్లో నలుగురూ ఒక్కసారే "తాతయ్యా, ఇక మన ఇంటి చాట్ సర్వర్ మేం చూసుకుంటాం, పాస్‌వర్డ్ ఇచ్చెయ్" అన్నారు చూడండి, ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు. తప్పకుండా ఇస్తాను. కాకపోతే పాస్‌వర్డ్ ఒక్కటే ఇస్తే సరిపోదు, దాంతోపాటు తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి, అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

రాజమండ్రిలో మన ముందుగదిలో ఇన్వర్టర్ పైన అలమరలో, మీరు సెట్‌టాప్ బాక్స్ అనుకునే నల్ల డబ్బా ఉందే, అదే సర్వర్. అందులో ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్, దాని మీద డాకర్, అంటే ప్రోగ్రాముల్ని విడివిడి గూళ్ళలో నడిపే సాఫ్ట్‌వేర్. ఆ గూళ్ళనే కంటెయినర్లు అంటారు, మనకి రెండున్నాయి. ఒకటి సినాప్స్, అంటే మ్యాట్రిక్స్ పద్ధతిలో నడిచే చాట్ సర్వర్. రెండోది పోస్ట్‌గ్రెస్, మనం రాసుకునే మాటలన్నీ దాచే డేటాబేస్. మీ ఫోన్లలో ఉన్న ఎలిమెంట్ యాప్ మాట్లాడేది ఈ సినాప్స్‌తోనే. మ్యాట్రిక్స్ 2014లో మొదలైంది, ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం పెట్టుకున్న చాట్ కూడా దీని మీదే నడుస్తోంది. అంత పెద్దవాళ్ళు వాడే సరుకే మన అలమరలోనూ ఉంది.

ఇప్పుడు కంటెయినర్ సంగతి. ఇంట్లో పెళ్ళికి పందిరి వేస్తారు కదా, రాటలు, తాటాకులు, సామానంతా బండి మీద వస్తుంది, రెండు గంటల్లో నిలబెడతారు, పెళ్ళయ్యాక అంతే సులువుగా విప్పేస్తారు. బండి మీద వచ్చిన ఆ సామాను ఇమేజ్ అనుకోండి, నిలబడిన పందిరి కంటెయినర్. ఎన్నిసార్లు విప్పినా అదే సామానుతో అచ్చం అలాంటిదే మళ్ళీ వేసుకోవచ్చు, డాకర్ గొప్పతనమంతా అక్కడే ఉంది. అయితే చదివింపుల పుస్తకాన్ని పందిట్లో వదిలేసి పందిరి విప్పించరు కదా, దాన్ని ఇంట్లోకి తెచ్చి బీరువాలో పెడతారు. కంటెయినర్ లోపల రాసినదేదైనా ఆ కంటెయినర్‌ని తీసేస్తే దాంతోనే పోతుంది. మనకి కావాల్సినవి దాని బయట, వాల్యూమ్‌లోనో (అంటే డాకర్ తానే చూసుకునే నిల్వ చోటు) మామూలు ఫోల్డర్‌లోనో ఉండాలి.

ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ పోగొట్టాను.

మూడేళ్ళ క్రితం, సర్వర్ పెట్టిన ఏడాదికి, సినాప్స్ ఏదో ఎర్రర్ ఇచ్చి మాటిమాటికీ ఆగిపోతుంటే కంటెయినర్లని ఆపి మళ్ళీ మొదలుపెడదామని కూర్చున్నాను. కంపోజ్ అంటే ఏ కంటెయినర్ ఎలా నడవాలో ఒకే ఫైల్లో రాసి, అన్నిటినీ కలిపి నడిపే పద్ధతి. ఆపడానికి 'డాకర్ కంపోజ్ డౌన్' అని కొడితే చాలు. ఎర్రర్ వివరంగా కనిపిస్తుందని చివర 'డాష్ వి' తగిలించాను, ఎందుకంటే వేరే చాలా కమాండ్లలో ఆ అక్షరానికి 'వివరంగా చెప్పు' అని అర్థం. 'డాకర్ రన్' దగ్గర అదే అక్షరానికి 'ఫోల్డర్ తగిలించు' అని అర్థం. 'డౌన్' దగ్గర మాత్రం 'వాల్యూమ్‌లు కూడా తీసెయ్' అని. అది మళ్ళీ అడగలేదు. నాలుగు లైన్లు గబగబా వచ్చాయి, 'రిమూవ్డ్', 'రిమూవ్డ్' అని. మూడో లైన్‌లో వాల్యూమ్ పేరు చూసేసరికి నా చేతులు చల్లబడ్డాయి.

మా అమ్మ, మీ తాతమ్మ, ప్రతి శుక్రవారం ఒక మంగళహారతి పాడి మన ఇంటి చాట్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టేది. అప్పటికి ఆవిడ పోయి ఐదు నెలలు. మీ అత్త ఫోన్లోకి రెండు పాటలు దించుకుని ఉంది కాబట్టి ఆ రెండూ మిగిలాయి. మిగతావన్నీ పోయాయి, నా దగ్గర బ్యాకప్ లేదు. ఈ ఉత్తరంలో మిగతా సంగతులన్నీ మర్చిపోయినా ఫర్వాలేదు గానీ, ఇది మాత్రం గుర్తుంచుకోండి.

ఆ తర్వాత వాల్యూమ్‌లు మానేసి, డబ్బాలో 'చాట్' అని ఒక ఫోల్డర్ చేసి, సినాప్స్ డేటా, పోస్ట్‌గ్రెస్ డేటా రెండూ అందులోకే తగిలించాను. ఇలా బయటి ఫోల్డర్ తగిలిస్తే 'డాష్ వి' కొట్టినా దాని జోలికి పోదు. సినాప్స్ లోపల 991 అనే యూజర్ నంబరు మీద నడుస్తుంది, ఫోల్డర్ ఆ నంబరు పేరు మీద లేకపోతే 'పర్మిషన్ డినైడ్' అంటుంది, అప్పుడు కంగారు పడకండి.

బ్యాకప్ రోజూ రాత్రి రెండింటికి దానంతటదే నడుస్తుంది. నడుస్తున్న పోస్ట్‌గ్రెస్ ఫోల్డర్‌ని ఊరికే కాపీ చేస్తే సగం రాసినవి సగం రాయనివి కలిసిపోయి ఆ కాపీ ఎందుకూ పనికిరాకపోవచ్చు. అందుకే పోస్ట్‌గ్రెస్‌తోనే వచ్చే 'పీజీ డంప్' అనే బ్యాకప్ కమాండ్‌తో తీయాలి. దాంతోపాటు ఫొటోలు, పాటలు ఉండే మీడియా ఫోల్డర్, 'హోమ్‌సర్వర్ డాట్ యామల్' అనే సెట్టింగుల ఫైలు, సర్వర్ సంతకం పెట్టే కీ ఫైలు, ఈ మూడూ ఉండాలి. ఒక కాపీ ఇక్కడి హార్డ్ డిస్క్‌లోకి, ఒకటి హైదరాబాద్‌లోని మన వాళ్ళింటికి వెళ్తుంది.

వెర్షన్ల దగ్గర తొందరపడకండి. కంపోజ్ ఫైల్లో ఇమేజ్ పేరు పక్కన 'లేటెస్ట్' అని రాయకుండా నంబరే రాశాను, ఎప్పుడు మారాలో మనమే నిర్ణయించుకోవాలని. సినాప్స్‌ని మార్చడం తేలికే, విడుదల నోట్స్ చదివి, బ్యాకప్ తీసి, నంబరు మార్చండి. పోస్ట్‌గ్రెస్ అలా కాదు. 15 ఉన్న చోట 16 అని మార్చి ఊరుకుంటే అది పాత డేటాని చూసి మొదలే అవ్వదు. పాతదాన్నుంచి డంప్ తీసి, కొత్తదాన్ని ఖాళీ ఫోల్డర్‌తో మొదలుపెట్టి, అందులోకి ఎక్కించాలి.

రేపు మీలో ఎవరైనా దీన్ని అద్దె సర్వర్ మీదకి మారుస్తారేమో, అందుకని ఇంకో మాట. కంపోజ్ ఫైల్లో సినాప్స్ పోర్టు, అంటే దాన్ని చేరే దారి నంబరు, '8008:8008' అని రాస్తే డాకర్ తనంతట తానే ఆ దారి తెరుస్తుంది, మీరు ఫైర్‌వాల్‌లో మూసేశాననుకున్న పోర్టు కూడా బయటివాళ్ళకి తెరిచే ఉంటుంది. చాలామందికి ఇది తెలియదు. ముందు '127.0.0.1:' చేర్చి రాయండి, అప్పుడు ఆ మెషీన్ లోపలే ఉంటుంది, బయటి నుంచి వచ్చేవాళ్ళని క్యాడీ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రాం తీసుకొచ్చి కలుపుతుంది. సర్టిఫికెట్లు రెన్యూ చేసే పనీ క్యాడీదే. అలాగే సినాప్స్ సెట్టింగుల్లో డేటాబేస్ చిరునామా 'లోకల్‌హోస్ట్' అని ఎప్పుడూ రాయకండి, కంటెయినర్ లోపల ఆ మాటకి 'నేనే' అని అర్థం, పోస్ట్‌గ్రెస్ ఉన్నది పక్క కంటెయినర్‌లో. కంపోజ్ ఫైల్లో దానికి పెట్టిన పేరే రాయాలి.

డొమైన్ పేరు మన ఇంటిపేరు లాంటిది. ప్రతి ఒక్కరి ఐడీ చివర అదే ఉంటుంది, ఒకసారి పెట్టాక సినాప్స్‌లో దాన్ని మార్చే వీలు లేదు, మారిస్తే మళ్ళీ కొత్త సర్వరే. ఏటా రెన్యూవల్ డబ్బులు కట్టే తేదీ నలుగురూ ఫోన్లో పెట్టుకోండి.

మన గ్రూపులన్నీ ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి, సర్వర్ చేతిలో ఉన్నా మీరు ఎవరి మాటలూ చదవలేరు. కానీ ఎవరు ఎవరితో ఏ వేళకి మాట్లాడుతున్నారో మాత్రం కనిపిస్తుంది. పిన్ని రాత్రి పన్నెండింటికి ఎవరికి మెసేజ్ పెట్టిందో మీరు చూడకండి, చూసినా ఎవరితోనూ అనకండి. నేనూ ఇన్నాళ్ళూ అలాగే ఉన్నాను, అందుకే ఇంట్లో అందరూ నమ్మారు. ఇంకోటి, పాత ఫోన్ చేతిలో లేకుండా ఎవరైనా ఫోన్ మారిస్తే పాత మెసేజ్‌లు తెరుచుకోవడానికి రికవరీ కీ కావాలి, దాన్ని సర్వర్ వాళ్ళు ఇవ్వలేరు. మీ నానమ్మ కీ కాగితం మీద రాసి బీరువాలో పట్టుచీరల కింద పెట్టాను. మీవి ఎక్కడ పెట్టుకున్నారో మీ అమ్మలకి చెప్పి ఉంచండి.

సంక్రాంతికి వచ్చినప్పుడు మొదట చేయాల్సిన పని ఒకటుంది. నా పాత లాప్‌టాప్ ఖాళీ చేసి ఉంచాను. హార్డ్ డిస్క్‌లోని బ్యాకప్‌ని అందులోకి ఎక్కించి, డాకర్‌నీ ఇమేజ్‌లనీ ముందే దించుకుని, ఇంటర్నెట్ తీసేసి, నేను పక్కన కూర్చుని ఏమీ చెప్పకుండా, మీరే సర్వర్ నిలబెట్టాలి. అది లేచి మీ పేర్లతో లాగిన్ అయ్యి, మీ అత్త తిరిగి పెట్టిన ఆ రెండు పాటలూ అందులోంచి వినిపించిన పూట పాస్‌వర్డ్ మీది.

ప్రేమతో,
తాతయ్య