నెట్‌వర్క్ బూట్‌లో పెద్ద ఫైల్ ఆగిపోతోందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

కాలేజీ ల్యాబులో అయినా ఆఫీసులో అయినా పదుల కంప్యూటర్లకు ఒకేసారి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాలంటే నెట్‌వర్క్ బూట్, అంటే పెన్‌డ్రైవ్ లేకుండా సర్వర్ నుంచే ఫైళ్లు దించుకుని కంప్యూటర్ మొదలవడం, చాలా మంచి పద్ధతి. ఆ ఫైళ్లను ఎక్కువగా దించేది టీఎఫ్‌టీపీ అనే పాత, తేలికపాటి ఫైల్ బదిలీ ప్రోటోకాల్. చిన్న బూట్ ఫైల్ క్షణంలో దిగుతుంది, మెనూ వస్తుంది. వందల మెగాబైట్ల ఫైల్ మొదలయ్యాకే అసలు టెన్షన్. సగంలో ఆగిపోతుంది, లేదంటే ఎంతసేపు చూసినా పూర్తికాదు. వెంటనే కేబుళ్లు మార్చడం, సర్వర్‌ను రీస్టార్ట్ చేయడం మొదలవుతుంది. దానికంటే ముందు ఒక్క విషయం రాసిపెట్టుకోండి: ఫైల్ ఎక్కడ ఆగింది, మళ్లీ ప్రయత్నిస్తే అక్కడే ఆగుతోందా? సగం రోగం అక్కడే తెలిసిపోతుంది.

అపోహ: టీఎఫ్‌టీపీలో 32 మెగాబైట్లు దాటిన ఫైల్ వెళ్లదు.

ఇది పాత కాలపు సగం నిజం. టీఎఫ్‌టీపీ ఫైల్‌ను బ్లాకులనే ముక్కలుగా పంపుతుంది. 1992 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1350 అనే ప్రమాణ పత్రం ప్రకారం ఒక్కో బ్లాకు 512 బైట్లు. బ్లాకు నంబరుకు కేటాయించింది 16 బిట్లే కాబట్టి లెక్క 65,535 దగ్గర అయిపోతుంది. రెండూ గుణిస్తే వచ్చేదే ఆ 32 మెగాబైట్లు. 1998లో బ్లాకు సైజును రెండు వైపులా మాట్లాడుకుని పెంచుకునే వీలు వచ్చింది. 1468 బైట్ల బ్లాకు పెడితే అదే హద్దు దాదాపు 92 మెగాబైట్లకు జరుగుతుంది. అది దాటాక చాలా ప్రోగ్రాములు నంబరును మళ్లీ 0 నుంచి మొదలుపెడతాయి, కొన్ని 1 నుంచి మొదలుపెడతాయి, కొన్నిటికి ఆ సంగతే తెలియదు. సర్వర్ ఒక రకంగా, క్లయింట్ (బూట్ అవుతున్న మెషీన్) ఇంకో రకంగా లెక్కపెడితే ఫైల్ అక్కడే ఆగుతుంది. ప్రతిసారీ 32 దగ్గరో 92 దగ్గరో ఆగుతోందంటే కేబుల్‌ను అనుమానించకండి. టీఎఫ్‌టీపీ సర్వర్‌ను అప్‌డేట్ చేయండి, లేదా వేరేది పెట్టి చూడండి.

అపోహ: బ్లాకు సైజు ఎంత పెంచితే అంత వేగం.

కొంతవరకే. మామూలు ఈథర్‌నెట్ ప్యాకెట్‌లో 1500 బైట్లు పడతాయి. అందులో ఐపీ హెడర్‌కు 20, యూడీపీకి 8, టీఎఫ్‌టీపీకి 4 పోతే మిగిలేవి 1468. బ్లాకును 8192 చేస్తే ఒక్కో బ్లాకు ముక్కలై వెళ్తుంది. ఒక్క ముక్క పోయినా బ్లాకు మొత్తం మళ్లీ పంపాలి. కొన్ని నెట్‌వర్క్ కార్డుల ఫర్మ్‌వేర్ (కార్డులోనే ఉండే ప్రోగ్రామ్) ఆ ముక్కలను సరిగా కలపలేకపోతుంది, కొన్ని ఫైర్‌వాల్స్ వాటిని పారేస్తాయి. అప్పుడు ఒక ప్యాకెట్‌లో పట్టే చిన్న కాన్ఫిగ్ ఫైల్ దిగుతుంది కానీ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ అసలు భాగం) మొదటి బ్లాకే రాదు. మధ్యలో వీపీఎన్ ఉంటే దాని హెడర్లూ చోటు తింటాయి కాబట్టి 1468 కూడా ఎక్కువే కావచ్చు, 1400 కంటే తక్కువకు దించి చూడండి.

అపోహ: మాది గిగాబిట్ స్విచ్, నెమ్మదిగా ఉందంటే సర్వర్‌దే లోపం.

నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే. టీఎఫ్‌టీపీ పని తీరు, ఒక ఇటుక అందించి, పైవాడు అందిందని కేక వేశాకే రెండోది అందించినట్టు ఉంటుంది. ఇక్కడ దారి వెడల్పు కంటే ఆ కేక తిరిగి వచ్చే సమయమే ముఖ్యం. 300 మెగాబైట్ల ఫైలంటే 1468 బైట్ల చొప్పున రెండు లక్షలకు పైగా బ్లాకులు. రానూపోనూ 1 మిల్లీసెకను పడితే మూడున్నర నిమిషాలు. సర్వర్ హెడ్ ఆఫీసులో ఉండి, బ్రాంచి నుంచి రానూపోనూ 10 మిల్లీసెకన్లు పడితే అదే ఫైల్‌కు అరగంట దాటుతుంది. లింకు మాత్రం ఖాళీగానే కనిపిస్తుంది!

దీనికి మందు 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7440 తెచ్చిన విండో సైజు. ఒక్కో బ్లాకుకు ఆగకుండా కొన్ని బ్లాకులు వరసగా పంపి, వాటన్నిటికీ కలిపి ఒకే జవాబు తీసుకుంటారు. సర్వర్, క్లయింట్ రెండూ దాన్ని ఒప్పుకోవాలి, లేకపోతే చడీచప్పుడు లేకుండా పాత పద్ధతే నడుస్తుంది. ఒకేసారి 64 పెట్టేయకండి. ఫర్మ్‌వేర్ బఫర్ చిన్నదైతే ప్యాకెట్లు పోయి ఉన్న వేగం కూడా తగ్గుతుంది. 4, 8 అంటూ పెంచి కొలవండి.

ఇంకొక లెక్క కూడా ఉంది. 60 మెషీన్లు ఒకేసారి 400 మెగాబైట్ల ఇమేజ్ అడిగితే మొత్తం 24 గిగాబైట్లు. సర్వర్ నుంచి స్విచ్‌కు గిగాబిట్ తీగ ఒక్కటే అయితే ఒక్కో మెషీన్‌కు విడిగా పంపే ఏ ప్రోటోకాల్ వాడినా మూడు నిమిషాల లోపు అవ్వదు.

అపోహ: ఫైర్‌వాల్‌లో 69వ పోర్టు తెరిస్తే చాలు.

69 మీదకు వచ్చేది మొదటి అభ్యర్థన మాత్రమే. సర్వర్ డేటాను ప్రతిసారీ కొత్త పోర్టు నుంచి పంపుతుంది. ఫైర్‌వాల్ దాన్ని ఆపేస్తే ఒక్క బైటూ దిగకుండా టైమవుట్ వస్తుంది. లినక్స్ ఫైర్‌వాల్‌లో టీఎఫ్‌టీపీ కనెక్షన్ ట్రాకింగ్ మాడ్యూల్ ఆన్ చేయండి, లేదా సర్వర్ వాడే పోర్టులకు ఒక పరిధి పెట్టి ఆ పరిధినే తెరవండి. డీఎన్‌ఎస్‌మాస్క్, టీఎఫ్‌టీపీడీ హెచ్‌పీఏ అనే సర్వర్ ప్రోగ్రాములు రెండిటిలోనూ ఆ సెట్టింగ్ ఉంది. ప్యాకెట్లు పట్టి చూసేటప్పుడూ ఇదే జాగ్రత్త. 69కి ఫిల్టర్ పెడితే డేటా ఏదీ కనిపించదు, క్లయింట్ మ్యాక్ అడ్రస్‌కు (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్యకు) పెట్టండి.

అపోహ: లాగ్‌లో 'యూజర్ అబార్టెడ్' అని వచ్చింది, అదే కారణం.

చాలాసార్లు కాదు. క్లయింట్ ముందు ఫైల్ సైజు మాత్రం అడిగి, తెలియగానే తనే ఆపేసి, మళ్లీ కొత్తగా అడుగుతుంది. దాని వెనకే రెండో అభ్యర్థన ఉంటే కంగారు అక్కర్లేదు.

అపోహ: పింగ్ బాగుంది, నా ల్యాప్‌టాప్‌లో అదే ఫైల్ దిగింది, కాబట్టి నెట్‌వర్క్ బాగుంది.

పింగ్ పంపేది మామూలుగా చిన్న చిన్న ప్యాకెట్లు, అదీ సెకనుకొకటి. ల్యాప్‌టాప్‌లోని టీఎఫ్‌టీపీ ప్రోగ్రామ్ 512 బైట్లతోనే తెచ్చుకుని ఉండవచ్చు, అలాంటప్పుడు మీరు పరీక్షించింది వేరే దారి. కర్ల్ అనే కమాండ్‌లైన్ డౌన్‌లోడ్ ప్రోగ్రామ్‌లో బ్లాకు సైజు చెప్పే వీలుంది, 1468 పెట్టి తెచ్చి, దాని ఎస్‌హెచ్‌ఏ 256 చెక్‌సమ్‌ను సర్వర్‌లోని ఫైల్ చెక్‌సమ్‌తో సరిపోల్చండి. ప్రతిసారీ వేరే చోట ఆగుతుంటే ప్యాకెట్లు పోతున్నట్టు. ఒక్క ప్యాకెట్ పోయినా క్లయింట్ సెకన్ల తరబడి ఎదురుచూస్తుంది. స్విచ్ పోర్టులో ఎర్రర్ల లెక్క, డూప్లెక్స్ సెట్టింగ్ (రెండు వైపులా ఒకేసారి పంపగలదా లేదా అన్నది) చూడండి. కేబుల్ మార్చాల్సిన సందర్భం ఇదే.

ఇంత పెద్ద ఫైళ్లను టీఎఫ్‌టీపీతో లాగాలని నేను ఎవరికీ సలహా ఇవ్వను. హెచ్‌టీటీపీ కూడా తెలిసిన ఐపీఎక్స్‌ఈ అనే చిన్న బూట్ ప్రోగ్రామ్ ఫైల్ వరకే దాంతో దించి, మిగతాదంతా హెచ్‌టీటీపీ మీద తెప్పించండి. విండోస్ ఇమేజ్ అయితే దానికి విమ్‌బూట్ అనే లోడర్ ఉంది. బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్‌ఐ ప్రమాణం 2.5 వెర్షన్ నుంచి కంప్యూటర్ ఫర్మ్‌వేరే నేరుగా హెచ్‌టీటీపీతో బూట్ చేయగలదు. అయితే మారాక ఒకటి చూసుకోండి: ఉబుంటు సర్వర్ లాంటివి ఐఎస్‌ఓ మొత్తాన్ని ర్యామ్‌లోకి దించుకుంటాయి, కాబట్టి ర్యామ్ తక్కువున్న మెషీన్లలో డౌన్‌లోడ్ మధ్యలో 'స్థలం లేదు' అనే ఎర్రర్ వస్తుంది.