రెండు గుట్టల్లో మూడు జాతులు

అంటార్కిటికాలో పామర్ స్టేషన్ దగ్గరి దీవుల్లో 2007 నుంచి 2009 దాకా పరిశోధకులు 344 పెంగ్విన్ల కొలతలు తీశారు. డేటా సైన్స్‌లో అక్షరాభ్యాసం చాలామందికి ఇప్పుడు ఆ పట్టికతోనే. అందులోని రెక్కల పొడవుతో హిస్టోగ్రామ్, అంటే మన బడి లెక్కల్లోని సోపాన చిత్రమే, గీస్తే రెండు గుట్టలు లేస్తాయి: 190 మి.మీ. దగ్గర పెద్దది, 215 దగ్గర చిన్నది. పెంగ్విన్లు రెండు రకాలేమో అనిపిస్తుంది. ఉన్నవి మూడు: అడెలీ, చిన్‌స్ట్రాప్, జెంటూ.

జాతికో రంగు వేస్తే గుట్టు తెలుస్తుంది. చిన్న గుట్ట దాదాపుగా జెంటూలదే. పెద్దదాంట్లో మిగతా రెండూ కలిసిపోయి ఉన్నాయి. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో బొమ్మలు గీసే జీజీప్లాట్2 ప్యాకేజీలో ఇది ఒక్క మాటతో అయ్యే పని, ఫిల్‌కి (కడ్డీ లోపలి రంగుకి) జాతి కాలమ్ పేరు ఇస్తే చాలు. ఫిల్ బదులు కలర్ అన్నారో, అంచులకే రంగు పడి కడ్డీలు బూడిదరంగులోనే ఉండిపోతాయి.

రంగుల్ని ఒకదానిమీద ఒకటి పేర్చడం అక్కడ డిఫాల్ట్. తిరకాసంతా ఆ పేర్పులోనే ఉంది. అన్నిటికన్నా కింద, అడ్డగీత మీద నిలబడ్డ రంగునే కన్ను సరిగ్గా చదవగలదు. పై రంగుల అడుగు ఒక్కో కడ్డీలో ఒక్కో ఎత్తున ఉంటుంది. ఒకే గీత నుంచి లేచిన ఎత్తుల్ని పోల్చినంత బాగా, అలా తేలే ముక్కల పొడవుల్ని మనం పోల్చలేమని గణాంకవేత్తలు క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ 1984లోనే ప్రయోగాలతో చూపించారు. పైగా జీజీప్లాట్2 అక్షరక్రమంలో మొదటి జాతిని అన్నిటికన్నా పైన పెడుతుంది. 203 మి.మీ. కన్నా పొట్టి రెక్కల జెంటూలు ఈ పట్టికలో లేవు. కాబట్టి పెద్ద గుట్టలో 68 చిన్‌స్ట్రాప్‌లు కింద, 151 అడెలీలు వాటి నెత్తిన! ఆ పైఅంచే అడెలీల ఆకారం అనుకుంటే చిన్‌స్ట్రాప్‌లనూ వాటి ఖాతాలో వేసినట్టే.

తరగతుల, అంటే ఒక్కో కడ్డీ కిందికొచ్చే విలువల అంతరాల, సంగతీ చూడాలి. ఏమీ చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ 30 తరగతులు చేస్తుంది, ఒక్కోటి 2 మి.మీ. పైచిలుకు. కొలతలేమో పూర్ణాంకాలు. తరగతి వెడల్పు పూర్ణాంకం కాకపోతే కొన్ని తరగతుల్లో ఒక విలువ ఎక్కువ పడి, బొమ్మకు లేని పళ్లు మొలవొచ్చు. 5 మి.మీ. అంతరం పెడితే ఆ బెడద ఉండదు.

మొత్తం ఎంత, అందులో ఎవరి వాటా ఎంత అన్నదే ప్రశ్నైతే పేర్పు సరిపోతుంది. జాతుల్ని పోల్చాలంటే మాత్రం నా ఓటు విడివిడి బొమ్మలకే. ఒకే స్కేలు మీద మూడింటినీ ఒకదాని కింద ఒకటి గీస్తే, చిన్‌స్ట్రాప్ గుట్ట అడెలీ కన్నా కాస్త కుడికి జరిగి ఉండటం కనిపిస్తుంది. వాటి సగటుల మధ్య తేడా సుమారు 6 మి.మీ.